రాష్ట్రపతి ఎన్నిక: నీతి, మతము, అంతరాత్మ

ప్రజలను పాలింపగోరువాడు నీతిమంతుడై యుండవలెననుటలో ఎవరికిని భేదాభిప్రాయము లేదు. నీతి యనగా నేమి, దానిని గుర్తించుట యెట్లు, గుర్తించు అధికారము ఎవరిది అను ప్రశ్నలు వచ్చునప్పటికి మాత్రము అభిప్రాయములు చీలిపోవుచున్నవి. దైవభక్తి గలవారు, ఆచార సంప్రదాయములయందు పట్టుదల గలవారు ఈ ప్రశ్నలను తక్కినవారికంటె తీవ్రముగా వేసికొందురు. వారికి ఓటు కేవలము హక్కు గాదు. పుణ్యపాపములతో ముడివడిన కార్యము. అందుచేత అభ్యర్థి చెప్పు సిద్ధాంతమే గాక, అతని నడవడి, కుటుంబము, విశ్వాసము కూడ వారి విచారణలోనికి వచ్చును. ఇట్టి విచారణ ఎంతవరకు న్యాయమో, ఎచ్చట హద్దు దాటునో పరిశీలించుట నేటి ప్రసంగ విషయము.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఈ వాదము బహిరంగముగనే జరుగును. అధ్యక్ష పదవికి తమ పార్టీ పక్షమున ఎవరు నిలువవలెనో అచ్చట పార్టీ పెద్దలు మాత్రమే గాక, ఒక్కొక్క రాష్ట్రములోని ఓటర్లు కూడ నిర్ణయింతురు. దీనినే ప్రైమరీ, అనగా ప్రాథమిక ఎన్నిక యందురు. 1979లో జెర్రీ ఫాల్వెల్ అను మతబోధకుడు 'మోరల్ మెజారిటీ' అను సంస్థను నెలకొల్పినది మొదలు, సంప్రదాయవాదులైన క్రైస్తవులు రిపబ్లికన్ పార్టీలో పెద్ద బలమైరి. 2008లో అయోవా రాష్ట్రమున బాప్టిస్టు బోధకుడైన మైక్ హకబీని ముందంజలో నిలిపినది వారి బలమే. పార్టీ తుదకు ఎన్నుకొన్నది మాత్రము జాన్ మెకెయిన్‌ను. అంతకు పూర్వము 1980లో ఇంతకంటె విచిత్రము జరిగెను. నాటి అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ ఆదివారపు బడిలో బైబిలు పాఠములు చెప్పు భక్తుడు. అతని ప్రత్యర్థి రోనాల్డ్ రేగన్ సినిమా నటుడు. విడాకులు పొంది మరల వివాహమాడినవాడు. అయినను సంప్రదాయ క్రైస్తవులలో అనేకులు రేగన్ పక్షమునే వహించిరి. అభ్యర్థి ఇంట పాటించు ఆచారము వేరు, అతడు దేశమున ఏ ధర్మమును నిలుపునను నమ్మకము వేరు అని వారు తేల్చుకొనిరన్నమాట.

మన దేశమున రాష్ట్రపతి పదవికి ప్రాథమిక ఎన్నిక లేదు. అసలు రాష్ట్రపతిని ప్రజలు నేరుగా ఎన్నుకొనరు. పార్లమెంటు ఉభయసభలలోను రాష్ట్ర శాసనసభలలోను ఎన్నికైన సభ్యులు ఆయనను ఎన్నుకొందురు. రాష్ట్ర జనాభాను శాసనసభ్యుల సంఖ్యచేత భాగించి, వచ్చిన దానిని మరల వేయిచేత భాగించినచో ఒక్కొక్క సభ్యుని ఓటు విలువ తేలును. దీనికి నేటికిని 1971 జనాభా లెక్కలే ఆధారము. ఆ లెక్క ప్రకారము 2022 ఎన్నికలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ్యుని ఓటు విలువ 159. తెలంగాణ సభ్యుని ఓటు విలువ 132. మల్లికార్జునుని ఆలయము గల కంబదూరు గ్రామము కళ్యాణదుర్గము నియోజకవర్గములోనిది. వానకు ముఖము వాచిన ఆ మెట్ట నేలపై వేరుసెనగ పండించుకొను రైతు రాష్ట్రపతి ఎన్నికలో స్వయముగా ఓటు వేయడు. కళ్యాణదుర్గము శాసనసభ్యుని చేతిమీదుగానే అతని మాట ఢిల్లీ చేరవలెను.

అయినను నీతిని గూర్చియు, మతమును గూర్చియు వాదము లేకుండ మన రాష్ట్రపతి ఎన్నికలు జరుగలేదు. 1967, 1969 సంవత్సరముల ఎన్నికలు ఇందుకు నిదర్శనములు. ఆ రెండింటను తెలుగువారు అభ్యర్థులుగా నిలిచిరి. రెండవదానిలో నిలిచినవారిలో ఒకరు అనంతపురము జిల్లా బిడ్డ.

1967 సార్వత్రిక ఎన్నికలలో కాంగ్రెసు బలము తగ్గెను. గోవధ నిషేధమును కోరుచు, హిందూ సంస్కృతిని తన పునాదిగా చెప్పుకొనిన జనసంఘమునకు లోక్‌సభలో 35 స్థానములు వచ్చెను. 1959లో రాజాజీ ప్రేరణతో, ఆచార్య రంగా అధ్యక్షతన వెలసిన స్వతంత్ర పార్టీకి 44 స్థానములు లభించెను. మే నెలలో రాష్ట్రపతి ఎన్నిక వచ్చినది. కాంగ్రెసు డాక్టర్ జాకీర్ హుస్సేన్‌ను నిలిపినది. ప్రతిపక్షములలో పెక్కు కలిసి రాజమహేంద్రవరమునకు చెందిన కోకా సుబ్బారావు గారిని నిలిపెను. అప్పుడు రెండు ప్రశ్నలు పుట్టెను. ముస్లిం అయినవారు రాష్ట్రపతి కావచ్చునా యనునది మొదటిది. సర్వోన్నత న్యాయస్థానపు ప్రధాన న్యాయమూర్తి తన పీఠము దిగి వెంటనే ఎన్నికలో నిలుచుట ఉచితమా యనునది రెండవది. చూచుటకు రెండును నీతి ప్రశ్నలవలెనే యుండును. కాని మొదటిది అభ్యర్థి పుట్టుకను గూర్చినది. రెండవది అభ్యర్థి చేసిన పనిని గూర్చినది. మొదటిదానికి రాజ్యాంగము సమాధానము చెప్పియే యున్నది. భారత పౌరుడై, 35 సంవత్సరములు నిండి, లోక్‌సభకు ఎన్నికగు అర్హత గలవారు రాష్ట్రపతి కావచ్చును. ప్రమాణము చేయునపుడు దైవసాక్షిగా చేయవచ్చును, లేదా ఆత్మసాక్షిగా ధ్రువీకరింపవచ్చును. విశ్వాసమును రాజ్యాంగము ఎవరి మనస్సునకు వారికే విడిచినది. జాకీర్ హుస్సేన్ గారికి 4,71,244, సుబ్బారావు గారికి 3,63,971 విలువగల ఓట్లు వచ్చెను. మొదటి ప్రశ్న అంతటితో ముగిసినదనుకొనిరి.

జాకీర్ హుస్సేన్ గారు 1969 మే 3వ తేదీన పదవిలో ఉండగనే పరమపదించిరి. మరల ఎన్నిక వచ్చినది. జులై నెలలో బెంగుళూరులో సమావేశమైన కాంగ్రెసు పార్లమెంటరీ బోర్డు, ప్రధాని ఇందిరాగాంధీ అభీష్టమునకు భిన్నముగా, నీలం సంజీవరెడ్డి గారిని అభ్యర్థిగా నిర్ణయించెను. తాత్కాలిక రాష్ట్రపతిగా ఉన్న వి.వి.గిరి గారు పదవి వదలి స్వతంత్రముగా నిలిచిరి. జనసంఘము, స్వతంత్ర పార్టీ సి.డి.దేశ్‌ముఖ్ గారిని బలపరచినవి. గిరిగారు బరంపురములో తెలుగు కుటుంబమున జన్మించినవారు. సంజీవరెడ్డి గారిది అనంతపురము జిల్లా ఇల్లూరు. హిందూపురము నుండి లోక్‌సభకు ఎన్నికై సభాపతియైనవారు. దేశ్‌ముఖ్ గారు మహారాష్ట్రులైనను, దుర్గాబాయమ్మ గారి భర్తగా ఆంధ్రులకు అల్లుడు.

ఈ మువ్వురి నీతిని కొలువదలచినవారికి ఒక్కొక్కరి జీవితమునను ఒక స్పష్టమైన ఆధారము ఉన్నది. గిరిగారు కేంద్ర కార్మిక మంత్రిగా ఉండగా, బ్యాంకు ఉద్యోగుల విషయమున ట్రైబ్యునలు ఇచ్చిన తీర్పును ప్రభుత్వము మార్చినందుకు 1954లో రాజీనామా చేసిరి. దేశ్‌ముఖ్ గారు ఆర్థికమంత్రిగా ఉండగా, బొంబాయి నగరమును కేంద్రపాలితము చేయ తలపెట్టినందుకు 1956లో పదవిని వదలిరి. సంజీవరెడ్డి గారు ముఖ్యమంత్రిగా ఉండగా, బస్సు మార్గముల జాతీయీకరణ కేసులో సర్వోన్నత న్యాయస్థానము చేసిన వ్యాఖ్యల దరిమిలా 1964లో తప్పుకొనిరి. 1967లో సభాపతి కాగానే, ఆ పీఠము ఏ పక్షమునకును చెందరాదని, పార్టీ సభ్యత్వమును కూడ విడిచిరి. పదవికొరకు నీతిని వదలినవారిని ఎంతమందినో చూచితిమి. నీతికొరకు పదవిని వదలినవారు మువ్వురు ఒకే ఎన్నికలో ఎదురెదురుగా నిలుచుట అరుదు. దేశము చర్చింపవలసినది దీనినే.

కాని జరిగినది వేరు. సంజీవరెడ్డి గారి వ్యక్తిగత శీలమును దూషించు ఒక అనామక కరపత్రము పార్లమెంటు సభ్యులకు టపాలో చేరెను. సెంట్రల్ హాలులోను పంచబడెను. ఆరోపించినవాడు తన పేరు చెప్పలేదు. చెప్పనివానిని సాక్ష్యమడుగుట యెట్లు? ఆరోపింపబడినవాడు ఎవరికి బదులు చెప్పవలెను? నీతి పేరిట జరిగిన ఆ పనిలో నీతియే లోపించినది.

ఇదే సమయమున మరియొక వాదము చెలరేగెను. కాంగ్రెసు అధ్యక్షుడు నిజలింగప్ప గారు జనసంఘ, స్వతంత్ర పార్టీల నాయకులను కలిసి, వారి రెండవ ప్రాధాన్యపు ఓట్లను సంజీవరెడ్డి గారికి ఇప్పింపుడని కోరిరి. లౌకిక రాజ్యమును నమ్మినవారు మతవాదుల సాయమడుగుట అనీతి యని ప్రధాని పక్షము నిందించెను. సొంత పార్టీ అభ్యర్థికి వెన్నుపోటు పొడుచుట అనీతి యని ఎదుటి పక్షము నిందించెను. 'అంతరాత్మ ప్రబోధము' ననుసరించి ఓటు వేయవలెనను పిలుపు అప్పుడే బయలుదేరినది. సంప్రదాయవాదులకును సంకటము తప్పలేదు. తమ అభ్యర్థికి గెలుపు అవకాశము లేనపుడు, సిద్ధాంతము చెడకుండ అంతటితో నిలిచిపోవలెనా, లేక ఇద్దరిలో తమకు తక్కువ దూరమైనవానికి రెండవ ఓటు వేయవలెనా? అయోవాలోని భక్తుడు ఎదుర్కొను ప్రశ్నయు ఇదియే.

ఆగస్టు 16న ఓట్లు పడెను, 20న లెక్కించిరి. మొదటి ప్రాధాన్యపు ఓట్లు గిరిగారికి 4,01,515, సంజీవరెడ్డి గారికి 3,13,548, దేశ్‌ముఖ్ గారికి 1,12,769 వచ్చెను. గెలుపునకు కావలసినది 4,18,169. ఎవరికిని అంత రాకపోవుటచే, వెనుకబడిన అభ్యర్థులను ఒకరి తరువాత ఒకరిని తొలగించుచు, వారి పత్రములలోని తరువాతి ప్రాధాన్యములను పంచిరి. ఈ పంపకములో సంజీవరెడ్డి గారికి 91,879 కలిసెను. గిరిగారికి కలిసినవి 18,562 మాత్రమే. అయినను గిరిగారు 4,20,077తో గెలిచిరి. సంజీవరెడ్డి గారు 4,05,427 వద్ద నిలిచిరి. కావలసినదానికంటె గిరిగారికి ఎక్కువ వచ్చినది 1,908 మాత్రమే.

ఇంత స్వల్పమైన తేడా వచ్చినపుడు ఆ కరపత్రమును గూర్చి న్యాయస్థానమునకు పోవుట సహజము. సర్వోన్నత న్యాయస్థానమున పిటిషన్లు పడెను. గిరిగారు పదవిలో ఉండగనే స్వయముగా వచ్చి సాక్ష్యమిచ్చిరి. కరపత్రము గెలిచిన అభ్యర్థి ప్రమేయముతో వెలువడినదని గాని, దానివలన ఫలితము మారినదని గాని రుజువు కాలేదని 1970లో న్యాయస్థానము పిటిషన్లను కొట్టివేసినది. ఎన్నిక నిలిచినది. కాని దూషింపబడినవాని మనస్సులోని గాయమునకు తీర్పులో మందు ఉండదు. కాలమే కొంత మాన్పినది. 1977లో 37 మంది నామినేషన్లు వేయగా 36 చెల్లక, సంజీవరెడ్డి గారు ఏకగ్రీవముగా రాష్ట్రపతియైరి. జనసంఘము అప్పటికి జనతా పార్టీలో కలిసియుండెను. ఎనిమిదేండ్ల క్రిందట ఆయనకు రెండవ ఓటు వేసినవారు ఈసారి ఆయనను మొదటివానిగనే ఎంచుకొనిరి.

ఈ విషయమున మన చట్టమేమి చెప్పుచున్నది? లోక్‌సభ, శాసనసభ ఎన్నికలకు 1951 ప్రజాప్రాతినిధ్య చట్టము వర్తించును. దాని 123వ విభాగము ప్రకారము మతము పేరిట ఓటడుగుట అవినీతికర చర్య. అభ్యర్థి వ్యక్తిగత శీలమును గూర్చి అబద్ధమని తెలిసియు ప్రచురించుట మరియొక అవినీతికర చర్య. మతమన్నది అభ్యర్థిదే గాక ఓటరుది కూడ కావచ్చునని, దేని పేరిటను ఓటడుగరాదని 2017 జనవరి 2వ తేదీన ఏడుగురు న్యాయమూర్తులలో నలుగురు తీర్పు చెప్పిరి. రాష్ట్రపతి ఎన్నికకు 1952 నాటి వేరొక చట్టము ఉన్నది. అందు లంచము, అనుచిత ఒత్తిడి అనునవి మాత్రమే దోషములుగా చెప్పబడినవి. అనగా సామాన్యుని ఎన్నికలో ఉన్నంత కట్టడి అత్యున్నత పదవి ఎన్నికలో లేదు. ఆ లోటును ఓటు వేయువారి వివేకమే పూరింపవలెను.

అట్లని భక్తులు నీతిని గూర్చి అడుగరాదని కాదు, అడుగవలెను. అడుగు తీరు తెలియవలెను. మన సీమ సంతలో ఎద్దును కొనువాడు సుడి చూచును, పళ్లు చూచును, నడిపించి చూచును. సుడి మంచిదని చెప్పి కుంటి ఎద్దును ఎవడును ఇంటికి తోలుకొని పోడు. అభ్యర్థి కులము, మతము, నుదుటి బొట్టు సుడివంటివి. అతడు పదవిలో ఉండగా ఏమి చేసెను, డబ్బు తన చేతిమీదుగా పోవునపుడు ఎట్లు మెలగెను, తప్పు తనపైకి వచ్చినపుడు నిలిచెనా తప్పించుకొనెనా అనునవి నడక. నడకకు సాక్షులుందురు, కాగితములుండును. ఇక ఇంటి గుట్టు ప్రజల పనిని చెరుపునంతవరకే ప్రజల విచారణకు తగును. అదియు పేరు చెప్పుకొని, ఎదుట నిలిచి ఆరోపించినప్పుడే.

చివరకు ఒక మాట. రాష్ట్రపతి ఎన్నికలో విప్ చెల్లదు, ఓటు రహస్యము. శాసనసభ్యుడు ఎవరికి వేసెనో పార్టీకి తెలియదు, మనకును తెలియదు. ఆ గదిలో అతనితో ఉండునది అతని అంతరాత్మయే. ఆనాడు ఆ అంతరాత్మను కంబదూరు రైతు పరీక్షింపలేడు. పరీక్షింపదగిన కాలము అంతకు ముందే వచ్చును: ఆ మనిషి తనకు ఓటు వేయుమని ఊరిలోనికి వచ్చి రచ్చబండ వద్ద నిలిచిన రోజున. మతమడిగి ఓటు వేసినచో ఢిల్లీకి మతమే పోవును. డబ్బు తీసికొని వేసినచో డబ్బే పోవును. నడక చూచి వేసినచో, మన పక్షమున రహస్యముగా పడు ఆ 159 విలువగల ఓటును గూర్చి మనము నిశ్చింతగా ఉండవచ్చును.