పహాణీ వరుస - కంప్యూటరుకు పరీక్ష

వ్యవసాయ కుటుంబంలో సర్వే నంబరు ఇంటిపేరు లాంటిది. మా బెల్లంపల్లి చుట్టుపక్కల ఏ రైతునైనా అడిగి చూడండి. పిల్లల పుట్టిన తేదీలకు తడుముకుంటాడేమో గాని, సర్వే నంబరు నిద్దట్లో లేపి అడిగినా చెప్తాడు. ఒకప్పుడు ఆ నంబరు పట్వారీ దగ్గరి పహాణీలో ఉండేది. 2020 అక్టోబరు 29న ధరణి ప్రారంభమైంది, 2025 ఏప్రిల్ 14న దాని స్థానంలో భూభారతి వచ్చింది. ఇప్పుడు భూమి రికార్డును తెర మీద చూసుకుంటున్నాం.

ఇటువంటి అప్లికేషన్ ఏదైనా సరే, రికార్డులను ఒక వరుసలో పేర్చి చూపించాలి గదా! ఆ వరుస సరిగ్గా ఉందో లేదో మనిషి కూర్చుని చూడకుండా, ఒక ప్రోగ్రామును మరో ప్రోగ్రాము చేత పరీక్షింపజేయడాన్ని ఆటోమేటెడ్ టెస్టు అంటారు. మా ఇంట్లో విత్తనాలు చల్లే ముందు వంద గింజలు తడి గోనెసంచిలో చుట్టిపెట్టి, ఎన్ని మొలిచాయో లెక్క చూస్తారు. ఇదీ అంతే. మనకు తెలిసిన కొన్ని రికార్డులు ఇస్తాం, రావలసిన వరుస ముందే రాసిపెడతాం, వచ్చినదానితో యంత్రమే పోల్చి చూస్తుంది.

అయితే ఏ గింజలు ఏరుకున్నామన్నదే అసలు సంగతి. జావాస్క్రిప్టు భాషకు 2, 12, 112 అనే అంకెలిచ్చి ఏమీ చెప్పకుండా వరుస పెట్టమంటే, వాటిని అక్షరాలుగా చూసి 112, 12, 2 అని పెడుతుంది. మన సర్వే నంబర్లలో 112/అ, 112/ఆ అనే ఉపభాగాలు కూడా ఉంటాయి కాబట్టి వాటిని ఉత్త అంకెలుగా తీసుకోవడమూ కుదరదు. ముందు అంకెను విడదీయాలి, ఆ తరువాత అక్షరాన్ని చూడాలి. టెస్టులో 11, 12, 13 మాత్రమే ఇస్తే తప్పు ప్రోగ్రాము కూడా హాయిగా పాసవుతుంది. ఒకటి, రెండు, మూడు స్థానాల అంకెలు కలిపి ఇస్తేనే బండారం బయటపడుతుంది.

పేర్ల దగ్గర ఇంకో చిక్కుంది. బడిలో మనం నేర్చిన వరుస య ర ల వ శ ష స హ ళ. యూనికోడ్‌లో మాత్రం భారతీయ లిపులన్నిటికీ ఒకే అమరిక ఉండాలని ళ అక్షరాన్ని ల పక్కన, వ కంటే ముందు పెట్టారు. అందుచేత ఆ సంకేతాల ప్రకారమే పేర్చితే కళావతి ముందు, కవిత వెనుక వస్తారు. బాలశిక్ష ప్రకారం కవితే ముందు. ఏది సరి అన్నది యంత్రం తేల్చదు, మనమే నిర్ణయించి టెస్టులో రాయాలి. నా ఓటు బాలశిక్షకే! పట్టికలో పేరు వెతికేది బడి వరుస తెలిసిన మనిషే గాని యూనికోడ్ చదివిన పండితుడు కాదు.

ఇవన్నీ కంటికి కనపడే తప్పులు. కనపడనిది వేరే ఉంది. మన ఊళ్ళల్లో మల్లయ్యలు ఎంతమంది! పేరు వరుసలో 18 నుంచి 22 దాకా అయిదుగురూ మల్లయ్యలే అనుకోండి. పేజీకి ఇరవై పేర్లు చూపిస్తున్నాం. ఒకే పేరున్న వాళ్ళలో ఎవరు ముందో మనం చెప్పకపోతే డేటాబేసు ప్రతిసారీ అదే వరుస ఇస్తుందన్న హామీ లేదు. పోస్ట్‌గ్రెస్ వాళ్ళ మాన్యువల్లోనే ఈ హెచ్చరిక ఉంది. మొదటి పేజీ ఒకసారి అడుగుతాం, రెండోది మరోసారి. ఈ రెండింటి నడుమ వరుస మారితే ఒక మల్లయ్య రెండు పేజీల్లోనూ వస్తాడు, ఇంకో మల్లయ్య ఎక్కడా రాడు. మొత్తం లెక్క సరిపోతుంది, ఎవ్వరికీ అనుమానం రాదు. “లిస్టుల నా పేరు లేదంటున్నరు బిడ్డా” అని తిరిగొచ్చే రైతుకు ఏ జవాబు చెప్పాలి?

మందు చిన్నదే. పేరు తరువాత పట్టాదారు పాస్‌బుక్కు నంబరును కూడా వరుసకు ఆధారంగా చేర్చాలి. అది ఇద్దరికి ఒకటే ఉండదు. దీనికి టెస్టు ఇట్లా రాయవచ్చు: ఒకే పేరుతో యాభై రికార్డులు వేయాలి, అన్ని పేజీలూ తెప్పించి కలపాలి, ప్రతి పాస్‌బుక్కు నంబరూ సరిగ్గా ఒక్కసారే ఉందో లేదో చూడాలి. యాభై ఎందుకు, అయిదు చాలవా అని మా మిత్రుడొకడు అడిగాడు. 2018లో మారకముందు క్రోమ్ బ్రౌజరు పది దాకా ఉన్న పట్టికను ఒక పద్ధతిలో, పది దాటితే మరో పద్ధతిలో పేర్చేది. మొదటిది సమాన రికార్డుల వరుసను చెదరనిచ్చేది కాదు, రెండోదానికి ఆ పట్టింపు లేదు. అయిదింటితో రాసిన టెస్టు ఆ రోజుల్లో ఎన్నిసార్లు నడిపినా పాసే! సమానుల వరుస చెదరకూడదన్న నియమం జావాస్క్రిప్టులో 2019లో గాని రాలేదు.

ఇక టెస్టుకే టెస్టు పెట్టాలి. పాస్‌బుక్కు నంబరు చేర్చిన ఆ ఒక్క మాటను ప్రోగ్రాములోంచి కావాలనే తీసేసి టెస్టు నడపండి, ఫెయిల్ కావాలి. డేటాబేసు చిన్నదైతే అప్పుడు కూడా అదృష్టంకొద్దీ పాస్ కావచ్చు. అందుకని మొదటి పేజీ తెప్పించిన తరువాత, రెండోది అడిగే ముందు, ఒక మల్లయ్య ఫోన్ నంబరు మార్చి చూడాలి. మార్చిన రికార్డును పోస్ట్‌గ్రెస్ కొత్త ప్రతిగా రాస్తుంది కాబట్టి అది ఉన్న చోటు నుంచి జరుగుతుంది, వరుస చెదిరే అవకాశం పెరుగుతుంది.