వేపచెట్టు ఖరీదెంత?

ఆత్మకూరులో మేం ఇల్లు కట్టుకుంటున్న స్థలంలో ఓ పాత వేపచెట్టు ఉంది. ఈశాన్యంలో అంత బరువేమిటని మావారు, కారు తిరగదని మేస్త్రీ... ఇద్దరిదీ ఒకటే మాట, కొట్టేయమని. తోట వేయడానికొచ్చిన డిజైనరబ్బాయి కాగితం మీద చక్కటి బొమ్మ గీసిచ్చాడు. వాకిలంతా సిమెంటు పలకలు, కాస్త లాను, గోడ పక్కన కోనోకార్పస్ మొక్కలు. (ఈ మొక్కల్ని నాటొద్దని గుజరాత్ ప్రభుత్వం 2023లో నిషేధించింది తెలుసా!)

ఉదయగిరి నుంచి వచ్చిన మా పిన్ని బొమ్మని అటూ ఇటూ తిప్పి చూసింది.

"అంతా బాగుండాదమ్మే. వానొస్తే నీళ్లు యాడికి పోతాయో చూశాడా ఆ అబ్బయ్య?"

చూడలేదు. నిజం చెప్పొద్దూ, నేనూ చూడలేదు. ఉదయగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్లతో బతికిన మనిషి కాబట్టి ఆవిడకి తోచింది.

చెట్టు నీడకీ, నేలలోకి ఇంకే నీటికీ ఖరీదెంతని ఎవరైనా అడిగితే నవ్వుతాం. కానీ 1997లో రాబర్ట్ కోస్టాంజా బృందం అడవులూ, చిత్తడి నేలలూ, సముద్రాలూ మనకి ఊరికే చేసిపెట్టే పనుల విలువ సగటున ఏడాదికి 33 లక్షల కోట్ల డాలర్లని లెక్కేసింది. మన వంటింటి చాకిరీ లాంటిదే ఇదీ. జీతం లేదు కాబట్టి ఎవరి పద్దులోనూ ఉండదు! అమెరికాలో ఇయాన్ మెక్‌హార్గ్ అయితే 1969లోనే, ముందు నేలనీ నీళ్ల దారినీ చదవండి, గీత తరవాత గీయండని పుస్తకమే రాశాడు.

అంతదూరం ఎందుకు? బుక్కరాయల కొడుకు భాస్కరుడు ఉదయగిరి నుంచి పాలిస్తూ కొండలకి అవతల పోరుమామిళ్ల చెరువు కట్టించాడు. వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని. 1369 నాటి అక్కడి శాసనంలో మంచి చెరువుకి పన్నెండు లక్షణాలు, ఆరు దోషాలు చెక్కించారు. గట్టి నేల, కొండల నడుమ చోటు, తీపి నీళ్ల ఏరు, జలశాస్త్రం తెలిసిన మనిషి ఉండాలట. చవిటి నేల, కట్ట కింద ఊట, కొంచెం నీళ్లకి ఎక్కువ ఆయకట్టు దోషాలట. ఆ చెరువులో ఇప్పటికీ నీళ్లు నిలుస్తాయి.

మళ్లీ వచ్చినప్పుడు డిజైనరబ్బాయిని పిన్ని ప్రశ్నే అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తరవాత చెప్పులు విప్పి స్థలమంతా తిరిగాడు. వాటం బోరు వైపుకి మార్చి, అక్కడో ఇంకుడుగుంత గీశాడు. పలకలు సగం పోయాయి. లాను బదులు గన్నేరు, నందివర్ధనం.

వేప ఉంది. కారు షెడ్డు మాత్రం రెండడుగులు తగ్గింది. మావారు ఇంకా సణుగుతూనే ఉన్నారు, ఆ చెట్టు కిందే కుర్చీ వేసుకుని.