వానకి నెట్ పోయిందా? రౌటర్ ఆఫ్ చేసేముందు ఈ లైట్ చూడండి

మొన్న కూకట్‌పల్లిలో కుండపోత వాన. సరిగ్గా ప్రొడక్షన్ రిలీజ్ మధ్యలో నెట్ పోయింది. కాల్‌లో టీమ్ అంతా నా కోసమే వెయిటింగ్. రౌటర్ మూడుసార్లు ఆఫ్ చేసి ఆన్ చేశా, ఫలితం లేదు. ఫోన్ హాట్‌స్పాట్‌తో ఎలాగోలా గట్టెక్కాక అప్పుడు చూశా: ఎల్ఓఎస్ లైట్ ఎర్రగా మెరుస్తోంది.

ఫైబర్‌లో వెళ్లేది కాంతి, తడిస్తే దానికేమీ కాదు. తేడా కొట్టేది నీళ్లు చేరిన జాయింట్ దగ్గర, గాలికి మడతపడిన కేబుల్ దగ్గర. ఎల్ఓఎస్ ఎర్రగా ఉంటే సిగ్నల్ మీ బాక్స్ దాకా రావట్లేదని అర్థం. రీస్టార్ట్‌లు ఆపి కంప్లైంట్ పెట్టండి. అది ఆరిపోయి ఉండి, పాన్ లైట్ పచ్చగా నిలకడగా ఉంటే మాత్రం ల్యాన్ కేబుల్‌తో చెక్ చేయండి. దాంతో నెట్ వస్తే లోపం వైఫైలోనే.

మా మేడమీద జాయింట్ బాక్స్‌లో నీళ్లు చేరాయి. టెక్నీషియన్ మళ్లీ స్ప్లైస్ చేశాక ఆర్‌ఎక్స్ పవర్ -21 డీబీఎం చూపించింది. మామూలు జీపాన్ కనెక్షన్‌లో -27 దాటి పడిపోతే కష్టమే. చాలా రౌటర్ల సెట్టింగ్స్ పేజీలో ఈ నంబర్ కనిపిస్తుంది. ఎండ కాసే రోజే నోట్ చేసుకోండి. అది తగ్గుతూ వస్తుంటే నెట్ పోకముందే కంప్లైంట్ పెట్టొచ్చు.

ఉరుములప్పుడు మాత్రం కేబుల్ చూద్దామని మేడెక్కకండి.