వార్తల్లో పదం: ఈక్వైన్ మెటబాలిక్ సిండ్రోమ్

అశ్వవైద్య పరిశోధనలలో నేడు తరచుగా వినవచ్చుచున్న ఈ పదమును 2002లో అమెరికాలోని మిస్సోరీ విశ్వవిద్యాలయమునకు చెందిన ఫిలిప్ జాన్సన్ ప్రతిపాదించెను. గుర్రములకు మెడమీదను తోకమొదటను కొవ్వు పేరుకొనుట, రక్తమున ఇన్సులిన్ మితిమీరుట, తన్మూలమున గిట్టలకు లామినైటిస్ అను వ్యాధి కలుగుట దీని లక్షణములు. గిట్టగోడను లోపలి యెముకతో బంధించు సున్నితమైన పొరలు సడలిపోగా, దేహభారమును మోయవలసిన ఆ యెముక క్రిందికి జారి, ఆ మూగప్రాణి అడుగు తీసి అడుగు వేయలేని దుస్సహవేదన ననుభవించును.

చక్కెరయే లామినైటిస్‌కు సూటిగా కారణమని తలచుట సహజము; కాని 2007లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ పరిశోధకులు, ఆరోగ్యముగా నున్న పొట్టిజాతి గుర్రములకు రక్తములోని చక్కెరను పెరుగనీయకయే ఇన్సులిన్ నెక్కించి చూడగా, మూడు దినములలోపల అవియన్నియు ఈ వ్యాధికి లోనయ్యెను. ఆ జీవులు పడిన బాధ వ్యర్థము కారాదు.

మేతలోని చక్కెర ఇన్సులిన్‌ను పెంచును గనుక, చికిత్సలో ప్రధానమైనది ఆహారనియమమే: ధాన్యపు దాణాను మాన్పించి, పచ్చికమేతను తగ్గించి, ఎండుగడ్డిని నీట నానబెట్టి అందలి చక్కెర కొంత కరిగిపోయిన పిదప పెట్టవలెను. గుర్రములను పోషించువారు బలిసిన మెడను చూచి పుష్టియని మురియక, గిట్టలు చెడకమునుపే రక్తపరీక్ష చేయింపవలెను.