నచికేతుని ప్రశ్న... పరీక్ష పత్రంలో

మరణానంతరం జీవుడు ఉంటాడా, ఉండడా? కఠోపనిషత్తులో నచికేతుడు యమధర్మరాజును అడిగిన ఈ సందేహం మీకు తెలిసినదే. ఇంగ్లండులో ‘ఏ లెవెల్’ మతాధ్యయనాన్ని ఎంచుకున్న 16–18 ఏళ్ల విద్యార్థులు ఇటువంటి ప్రశ్నలతోనే రెండేళ్లు గడుపుతారు. ఓసీఆర్ బోర్డు 2016లో ప్రవేశపెట్టిన ప్రణాళికలో తత్త్వం, నీతి, మతచింతన అని మూడు పత్రాలు; ఒక్కొక్కదానికి 2 గంటలు, 3 వ్యాసాలు.

దేవుడు కరుణామయుడైతే లోకంలో ఇంత దుఃఖమెందుకు? ఇక్కడ భక్తికి మార్కులు లేవు, నాస్తికతకూ లేవు, తర్కానికే. నమ్మిన బిడ్డ సైతం నమ్మనివారి వాదాన్ని బలంగా వినిపించాలి. విశ్వాసం సడలిపోదా అని మీరు అడగవచ్చు. సడలవచ్చు, దాచనేల? మన శాస్త్రాలలోనూ పూర్వపక్షమే ముందు, సిద్ధాంతం తరువాత. యముడు సైతం ఏనుగులను, బంగారాన్ని ఆశచూపి, ఆ ప్రశ్న మానుకొమ్మన్నాడు. బాలుడు మానలేదు.