చలికాలపు సేద్యము - పని మానవద్దు, వేళ మార్చుకొనుడు

కార్తీక మాసము మొదలు మహాశివరాత్రి వరకు గల కాలమును మనము చలికాలమని ఒక్క మాటతో పిలుచుచున్నాము. పొలములో తిరుగు రైతుకు మాత్రము ఈ కాలము ఒక్క తీరుగా కనిపించదు. నవంబరులో సముద్రము మీదినుండి తుపాను మబ్బు వచ్చును. డిసెంబరులో ఆకాశము తేటబడి పొడి చలి ముదురును. సంక్రాంతి ముందు వెనుకల పొగమంచు కమ్మును. ఫిబ్రవరి వచ్చుసరికి మధ్యాహ్నపుటెండ చురుక్కుమనును. ఒక్కొక్కప్పుడు ఈ నాలుగును పదిహేను దినములలోనే వచ్చిపోవుటయు కలదు.

ఇట్టి కాలములో చలిమంట వద్దనే పొద్దెక్కువరకు కూర్చుండు రైతు నష్టపోవును. వేసవిలో వలె తెల్లవారక ముందే నీటిలో దిగు రైతు ఆరోగ్యము చెడగొట్టుకొనును. పనిని తగ్గించకుండ, ఆకాశమును బట్టి పనివేళ మార్చుకొనుటయే ఇందుకు మార్గము.

తుపాను మబ్బు పట్టినపుడు

మన కోస్తాకు నవంబరు, డిసెంబరు నెలలు తుపానుల కాలము. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో పదివేలకు పైగా ప్రాణములు పోయినవి. 2023 డిసెంబరు 5న బాపట్ల వద్ద తీరము దాటిన మిచౌంగ్ తుపాను కోతకు వచ్చిన వరిని, కోసి పనలపైనున్న వరిని చాలవరకు పాడుచేసినది. కనుక ఈ నెలలలో హెచ్చరిక విన్న తరువాత కోత మొదలిడవద్దు. కోసిన పంట యున్నచో వాన పడకముందే మెరక తావునకు చేర్చి కుప్ప వేసి, పట్టా కప్పవలెను.

వాన ముందే పడి పనలు తడిసినచో చూచుచు కూర్చొనరాదు. ముందుగా గట్లు తెంచి నీరు తీసివేయవలెను. వాన తెరపి ఇచ్చిన వెంటనే 200 లీటర్ల నీటిలో 10 కిలోల ఉప్పు కరగించి కంకులు తడియునట్లు చల్లవలెను. లీటరుకు 50 గ్రాములు, అనగా నూటికి 5 పాళ్ళ ద్రావణమన్నమాట. ఇందువలన గింజ మొలకెత్తుట తగ్గును. నిలువు పైరు పడిపోయినచో నాలుగైదు దుబ్బులు కలిపి కట్టి నిలబెట్టవలెను.

యంత్రముతో కోసిన ధాన్యములో తేమ ఎక్కువగా నుండును. కొనుగోలు కేంద్రములలో తేమ నూటికి 17 పాళ్ళకు మించరాదు. చలికాలమున పగలు ఆరిన ధాన్యము రాత్రి మంచుకు మరల తేమ పీల్చును. పొద్దు గూకక ముందే రాశి చేసి పట్టా కప్పి, ఉదయము మంచు విడిచి ఎండ తగిలిన తరువాతనే పరచవలెను. ఈ చిన్న జాగ్రత్త లేక రెండు దినముల ఎండ వృథా చేసికొనువారు ప్రతి ఊరిలోను కలరు.

పొడి చలి - నారుమడి

ఆకాశమున మబ్బు లేని రాత్రులలోనే చలి ఎక్కువ. పగలు నేల గ్రహించిన వేడి రాత్రి పైకి పోవుచుండును. మబ్బు ఆ వేడిని దుప్పటివలె కొంత ఆపును. మబ్బు లేనిచో వేడియంతయు పోయి, తెల్లవారుజామునకు నేల మిక్కిలి చల్లబడును. ఆదిలాబాదు, అరకు, పాడేరు, లంబసింగి ప్రాంతములవారికి ఇది బాగుగా తెలిసిన సంగతి. మైదానములలో కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెంటిగ్రేడు లేక అంతకు దిగి, ఆ దినమునకు సహజమైన దానికంటె కనీసము నాలుగున్నర డిగ్రీలు తగ్గినచో వాతావరణ శాఖవారు చలిగాలులని ప్రకటింతురు.

ఈ చలికి ముందుగా దెబ్బతినునది యాసంగి వరి నారుమడి. నేను ఉద్యోగమున చేరిన మొదటి యాసంగిలో కరీంనగరు ప్రాంతమున ఒక పెద్దరైతు నారుమడి పసుపుబారగా, చూచి మరికొంత యూరియా వేయుమంటిని. వారము గడచినను పచ్చదనము రాలేదు. మరల పోయినపుడు ఆ పెద్దాయన నవ్వి, "సారూ, నారుకు ఆకలి గాదు, సలి. రాత్రంత సల్లనీళ్ళల్ల నిలవడితె మనకు మాత్రం బువ్వ సయిస్తదా?" అన్నాడు. అప్పటికే ఆయన సాయంత్రము మడిలోని నీరు తీసి, ఉదయము బావినీరు పెట్టుట మొదలిడినాడు. నాలుగు దినములలో చిగురు తేరుకొన్నది. చలిలో వేరు పనిచేయక పోషకములను తీసికొనలేదని నేను కళాశాలలో చదివితిని. మడి గట్టున నిలుచున్నపుడు మాత్రము ఆ పాఠము జ్ఞాపకము రాలేదు.

కనుక యాసంగి నారుమడిలో ఈ క్రింది విషయములు పాటించుడు.

1. నానబెట్టిన విత్తనమును వానకాలమున 24 గంటలు మండె కట్టిన చాలును. చలికాలమున 48 గంటలు ఉంచవలెను.

2. ఎకరము నాటుటకు కావలసిన రెండు గుంటల నారుమడికి వానకాలమున వేయు 1 కిలో భాస్వరమునకు బదులు 2 కిలోలు వేయవలెను. అనగా సింగిల్ సూపర్ ఫాస్ఫేటు పన్నెండున్నర కిలోలు.

3. సాయంత్రము మడిలోని చల్లని నీరు తీసి, ఉదయము క్రొత్త నీరు పెట్టవలెను. తెల్లవారుజామున బావినీరు, బోరునీరు పైనీటికంటె వెచ్చగా నుండును.

4. చలి మరీ హెచ్చినపుడు మడిపై కర్రల ఊతముతో పాలిథీన్ పట్టా గాని, ఎరువుల సంచులు కుట్టిన పట్టా గాని రాత్రి కప్పి, ఉదయము తీసివేయవలెను.

5. ఆకులపై తుప్పు రంగు మచ్చలు కనిపించినచో అది జింకు లోపము. లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేటు కలిపి చల్లవలెను.

కూరగాయల తోటలకు చలిగాలుల హెచ్చరిక వచ్చిన దినమున సాయంత్రము తేలికపాటి తడి ఇచ్చుట మంచిది. తడి నేల పొడి నేలకంటె వేడిని ఎక్కువసేపు నిలుపుకొనును.

మంచు, మబ్బు కలిసినపుడు

డిసెంబరులో మబ్బు పట్టగానే చలి తగ్గెనని మనము సంతోషింతుము. శనగపై కాయతొలుచు పురుగునకును అదే అనుకూల కాలము. మబ్బు దినములలో చేనిలో నడిచి మొక్కలను విప్పి చూడుడు. ఎకరమునకు 4 లింగాకర్షక బుట్టలు, పక్షులు వాలుటకు 20 పంగల కర్రలు పెట్టుడు.

వరి కోసిన మాగాణిలోని మినుము, పెసరలకు రాత్రి చలి, ఉదయపు మంచు తోడైనపుడు బూడిద తెగులు వచ్చును. ఆకులపై తెల్లని పొడి కనిపించగానే లీటరు నీటికి 3 గ్రాముల నీటిలో కరుగు గంధకము కలిపి చల్లవలెను. మామిడిలో పూత విచ్చక ముందే ఇదే మందు ఇదే మోతాదులో వాడవచ్చును. పూత విచ్చిన తరువాత మందులు చల్లినచో తేనెటీగలు, ఈగలు చచ్చి పిందె తగ్గును. ఆకులపై మంచు ఉండగా మందు చల్లినచో అది పలుచబడి కారిపోవును. ఉదయము తొమ్మిది, పది గంటలకు తడి ఆరిన తరువాతనే చల్లుడు.

పశువులు, కోళ్ళు

దూడలకు, మేకపిల్లలకు చలికంటె తడి నేల ఎక్కువ హాని చేయును. రాత్రి క్రింద ఎండుగడ్డి పరచి, ఉదయము తీసి ఎండబెట్టుడు. పాకకు గాలివైపు గోనెపట్టాలు కట్టుడు. కోడిపిల్లలకు మొదటి వారము 95 డిగ్రీల ఫారన్‌హీటు వేడి కావలెను. తరువాత వారమునకు 5 డిగ్రీల చొప్పున తగ్గించుకొనుచు పోవలెను. తెరలు దించినను పైభాగమున గాలి ఆడుటకు జాగా విడువుడు.

రైతు దేహమును పంట వంటిదే

చలిలో రక్తనాళములు ముడుచుకొని రక్తపుపోటు పెరుగును. గుండె జబ్బు, పోటు, ఉబ్బసము కలవారు తెల్లవారుజామున చన్నీటిలో దిగి బరువు పని చేయరాదు. అట్లని మూలన కూర్చుండిన కీళ్ళు బిగుసుకొనును. లేచిన తరువాత ఇంటిలోనే కొంతసేపు నడచి, కాళ్ళు చేతులు కదలించి, చెవులు కప్పుకొని, ఎండ వచ్చిన తరువాత చేనికి పొండు. దాహము లేకున్నను నీరు త్రాగుడు.

తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకొని ఎన్నడును నిద్రింపవద్దు. దానినుండి వచ్చు విషవాయువునకు రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణము తీయును. పొగమంచులో ధాన్యపు ట్రాక్టరు నడుపువారు ట్రాలీ వెనుక మెరయు పట్టీలు అంటించుకొనుడు. లోకువగా చూడకూడని ఖర్చు అది.

దినమును ఇట్లు పంచుకొనుడు

డిసెంబరు మూడవ వారమున మనకు పగలు పదకొండు గంటలకు కొంచెము మించి మాత్రమే యుండును. ఉదయము తొమ్మిది వరకు పాకలో, ఇంటిలో పనులు: పశువుల మేత, విత్తనము చెరుగుట, పనిముట్ల మరమ్మతు, జమాఖర్చులు వ్రాయుట. తొమ్మిది మొదలు నాలుగు వరకు మందు చల్లుట, కలుపు, నాటు, ధాన్యము ఆరబెట్టుట. నాలుగు తరువాత నారుమడి నీరు తీయుట, రాశులు కప్పుట, పాకల తెరలు దించుట. ఫిబ్రవరిలో ఎండ ముదిరినపుడు దీనిని తిరుగవేసి బరువు పనులు ఉదయమునకు మార్చుకొనవలెను. తడుల మధ్య ఎడమును తగ్గించవలెను.

గ్రామాధికారులకు ఒక మనవి. చలిగాలులు గాని తుపాను గాని వచ్చుచున్నదని తెలిసిన సాయంత్రమే ఆ మాట రైతు వేదికలోను, రైతు సేవా కేంద్రములోను, గుడివద్దను చెప్పించుడు. ఉదయము చెప్పినచో పట్టా కప్పుకొనుటకు వేళ మించిపోవును.

శివరాత్రికి చలి శివశివా అని పోవునని పెద్దలందురు. అది పోవులోగా మీ ఊరిలో ఎన్ని నారుమడులు పచ్చగా నిలిచినవో, ఎన్ని రాశులు తడియక ఇల్లు చేరినవో లెక్క చూచుకొనుడు. ఆ లెక్కయే వచ్చు చలికాలమునకు మీకు పాఠము.