చిరుతిండ్లు – శరీరభారం

ఆరోగ్యమే మహాభాగ్యమన్న పెద్దల మాట మనందరికీ కంఠోపాఠమే. అయితే ఆ భాగ్యం చేజారిపోయే దారులలో, రెండు భోజనాల నడుమ మనం లెక్క చూడకుండా నోట వేసుకొనే చిరుతిండి ఒకటన్న సంగతి తరచు మరచిపోతుంటాం. బరువు పెరిగిందని తెలిసిన వెంటనే అనేకులు చేసే మొదటి పని భోజనం మానివేయడం. మధ్యాహ్నం అన్నం మానినవారే సాయంకాలం ఆకలికి తాళలేక బజ్జీల బండి చెంత నిలబడతారు. చిరుతిండిని మానడం కాక మార్చుకోవడమే బరువు తగ్గడానికి నిలకడైన మార్గమనీ, అందుకు కావలసిన వస్తువులన్నీ మన దెందులూరు, ఏలూరు ప్రాంతాలలోనే చవకగా లభిస్తున్నాయనీ విద్యార్థినీ విద్యార్థులకు వివరించడమే ఈ వ్యాసంలో మా ఉద్దేశం.

అన్నపు సీమలో క్రొత్త వ్యాధులు

దెందులూరుకు ఒకవైపు పెదవేగి మెట్ట, మరొకవైపు కొల్లేటి పల్లం. 1852లో ధవళేశ్వరం వద్ద గోదావరిపై ఆనకట్ట పూర్తయి కాలువలు పారిన నాటి నుండి ఈ డెల్టాకు వరి అన్నమే జీవనాధారమైంది. 1982లో మారుటేరు పరిశోధన కేంద్రం నుండి వెలువడిన ‘స్వర్ణ’ వరి దేశమంతటా పేరుగాంచింది. నాగలి పట్టి, ఊడ్పులు ఊడ్చి, బస్తాలు మోసి, క్రోసుల కొద్దీ నడచిన మన తాతలకు విస్తరి నిండా అన్నం అవసరమే. తిన్నది పొలంలోనే ఖర్చయ్యేది. నేడు దున్నేది ట్రాక్టరు, కోసేది యంత్రం, మనలను కళాశాలకు చేర్చేది మోటారు వాహనం. శ్రమ తగ్గింది, అన్నపు కొలత మాత్రం తగ్గలేదు. దానికి తోడు చిరుతిండి పెరిగింది.

దీని ఫలితాలు మన పల్లెలలోనే కనబడ్డాయి. 2004 సెప్టెంబరుతో ముగిసిన ఒక సంవత్సర కాలంలో ఉభయ గోదావరి జిల్లాలలోని 45 గ్రామాలలో, సుమారు 1,80,000 జనాభాలో సంభవించిన 1,354 మరణాలకు కారణాలను పరిశోధకులు పరిశీలించారు. నూటికి 32 మరణాలు గుండెకు, రక్తనాళాలకు సంబంధించిన వ్యాధుల వల్ల కలిగినవే. అంటువ్యాధుల వాటా నూటికి 12 మాత్రమే. పట్టణవాసుల వ్యాధులని మనమనుకొనేవి పల్లెలను ఏనాడో ఆక్రమించాయన్నమాట.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 36 మంది, పురుషులలో నూటికి 31 మంది అధిక బరువు కలవారు. అదే సర్వేలో అదే వయస్సు స్త్రీలలో నూటికి 59 మంది రక్తహీనతతో ఉన్నట్లు తేలింది. ఒకవైపు అధికభారం, మరొకవైపు రక్తలేమి! ఈ రెండింటినీ కలిపి చూడనిదే బరువు తగ్గే ఉపాయం మనకు అర్థం కాదు.

తగిన బరువు ఎంత?

శరీరభారాన్ని కిలోగ్రాములలో తీసుకొని, ఎత్తును మీటర్లలో కొలిచి, ఎత్తును ఎత్తుతో హెచ్చించిన సంఖ్యతో భాగిస్తే వచ్చేదే శరీర భార సూచిక. 160 సెంటీమీటర్ల ఎత్తు గలవారి విషయంలో 1.6ను 1.6తో హెచ్చించగా 2.56 వస్తుంది. సూచిక 18.5 నుండి 23 లోపు ఉండడం మేలు. అనగా ఈ ఎత్తు వారికి సుమారు 47 నుండి 59 కిలోల వరకు తగిన బరువు. 23 దాటితే అధికభారమనీ, 25 దాటితే స్థూలకాయమనీ భారతీయుల విషయంలో వైద్యులు పరిగణిస్తున్నారు. పాశ్చాత్యుల కన్న మనకు తక్కువ బరువులోనే పొట్ట చుట్టూ క్రొవ్వు చేరి, మధుమేహం ముందుగా వచ్చే అవకాశం ఉండడమే ఇందుకు కారణం. అందువల్లనే నడుము చుట్టుకొలత కూడా చూచుకోవాలి. అది పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు మించరాదు.

సూచిక 23 లోపు ఉన్నవారు సినిమా తారలను చూచి చిక్కిపోవాలనుకోవడం అవివేకం. బరువు తగ్గవలసినవారు కూడా వారానికి అర కిలోకు మించి తగ్గే ప్రయత్నం చేయరాదు.

చిరుతిండి లెక్క

ఆహారం ఇచ్చే శక్తిని కెలోరీలలో కొలుస్తారు. ఒక గ్రాము పిండిపదార్థం గాని, మాంసకృత్తు గాని 4 కెలోరీలనిస్తే, ఒక గ్రాము నూనె లేదా నెయ్యి 9 కెలోరీలనిస్తుంది. ఖర్చు కాని శక్తి క్రొవ్వుగా మారి నిలువ ఉంటుంది. ఇంతే సూత్రం, చిక్కంతా లెక్కలో ఉంది.

రోజుకు నాలుగు కప్పుల టీ, కప్పుకు రెండు చెంచాల పంచదార వేసుకొనేవారు 40 గ్రాముల పంచదార, అనగా 160 కెలోరీలు, ఆకలి తీరకుండానే త్రాగుతున్నారు. తీపి పదార్థాల ద్వారా చేరే చక్కెర రోజుకు సుమారు 25 గ్రాములకు మించకుంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది. 300 మిల్లీలీటర్ల శీతల పానీయం సీసా ఒక్కటే ఈ హద్దును దాటిస్తుంది.

ఇక బజ్జీలు, పునుగులు, పకోడీల సంగతి. శనగపిండి మంచిదే, ఉల్లిపాయ మంచిదే. కాని పిండి మరుగుతున్న నూనెలో పడినప్పుడు, అందులోని నీరు ఆవిరై పోయిన చోటులోకి నూనె చేరుతుంది. ఒక చెంచా నూనె సుమారు 45 కెలోరీలు. ఒక ప్లేటు బజ్జీలు నాలుగు చెంచాల నూనె పీల్చుకొన్నాయనుకొంటే, నూనె వల్లనే 180 కెలోరీలు అదనం. అది పామాయిలు కానీ, వేరుశనగ నూనె కానీ, కెలోరీల లెక్కలో భేదం లేదు. ఒకే నూనెను పదేపదే కాచడం మరొక దోషం. అట్లు చెడిన నూనెకు 2018 జూలై నుండి ప్రభుత్వ ఆహార భద్రతా సంస్థ పరిమితి కూడా విధించింది. మైదా, వనస్పతులతో చేసిన పఫ్ఫులు, బిస్కట్లు చూడడానికి పొడిగా ఉన్నా క్రొవ్వులో బజ్జీలకు తీసిపోవు.

మన గుగ్గిళ్ళే దివ్యౌషధం

అయితే నాలుగు గంటల ఆకలికి ఏమి తినాలి? జవాబు మన వంటింటిలోనే ఉన్నది. నానబెట్టి ఉడికించిన శనగలు, అలసందలు, పెసలు—మనం గుగ్గిళ్ళనేవి—చిరుతిండ్లలో ఉత్తమమైనవి. శ్రావణమాసంలో వాయనాలలో వచ్చే శనగలు, రంజాన్ మాసంలో ఇఫ్తారు పళ్ళెంలో కనిపించే శనగలు ఒకటే. ఇందులో మాంసకృత్తులు, పీచు సమృద్ధిగా ఉన్నందున జీర్ణం కావడానికి ఎక్కువసేపు పట్టి, రాత్రి భోజనం వరకు ఆకలి వేయదు. ఉల్లి, కొత్తిమీర, నిమ్మరసం చేర్చితే రుచికి లోటుండదు. తాళింపుకు ఒక చెంచా నూనె చాలు.

పైన చెప్పిన రక్తహీనతకు కూడా దీనితో సంబంధమున్నది. పప్పుదినుసులలో ఇనుము ఉన్నా శరీరం దానిని సులభంగా గ్రహించలేదు. ‘సి’ విటమిను తోడైనప్పుడు ఎక్కువగా గ్రహిస్తుంది. గుగ్గిళ్ళపై పిండిన నిమ్మరసం, వెంట తిన్న జామకాయ ఈ పని చేస్తాయి. అందుకు విరుద్ధంగా, తిన్న వెంటనే త్రాగిన టీ ఇనుమును శరీరానికి అందనీయదు. కనీసం ఒక గంట వ్యవధి ఉండాలి. ఒక పిడికెడు గుగ్గిళ్ళు, ఒక జామకాయ అటు బరువుకూ ఇటు రక్తానికీ మేలు చేస్తాయన్నదే ఈ వ్యాసం యొక్క సారాంశం.

మరికొన్ని చిరుతిండ్లను సంగ్రహంగా చెప్పుకొందాం.

1. జామకాయ: 100 గ్రాములకు 50–70 కెలోరీలు మాత్రమే. గింజలతో సహా తింటే పీచు లభిస్తుంది. రసం తీసి త్రాగితే ఆ లాభం పోతుంది.

2. వేయించిన శనగలు: జేబులో వేసుకొని బస్సులో తినదగినవి. చెడిపోవు.

3. మజ్జిగ: వెన్న తీసిన పలుచని మజ్జిగ వేసవిలో శీతల పానీయానికి ఉత్తమ ప్రత్యామ్నాయం. ఉప్పు కొద్దిగా మాత్రమే వేసుకోవాలి.

4. తేగలు, ముంజలు: శీతకాలంలో తేగలు, వేసవిలో ముంజలు మన తాటిచెట్టు మనకిచ్చిన కానుకలు. తేగలో పీచు, ముంజెలో నీరు అధికం.

5. ఉడికించిన కోడిగుడ్డు: ఒకటి సుమారు 70 కెలోరీలు, 6 గ్రాముల మాంసకృత్తులు.

6. వేరుశనగలు: బలవర్ధకమైనవే గాని 100 గ్రాములకు 560 కెలోరీల పైమాటే. గుప్పెడుతో ఆపగలిగినవారే తినాలి.

భోజనం, పండుగలు

చిరుతిండి మారినంత మాత్రాన భోజనం విషయం మరువరాదు. ధాన్యాల నుండి లభించే శక్తి మొత్తంలో నూటికి 45 వంతులు మించకుంటే మంచిదని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన సూచనలు తెలుపుతున్నాయి. అంటే పళ్ళెంలో సగం కూరలు, ఆకుకూరలు, పండ్లు. మిగిలిన సగంలో అన్నంతోపాటు పప్పు, పెరుగు, చేప లేదా గుడ్డు ఉండాలి. అన్నంలో ఒక గరిటె తగ్గించి కూర ఒక గరిటె పెంచడంతో ఆరంభిస్తే కష్టం తోచదు. కొల్లేటి చేపలు మనకు చేరువనే ఉన్నాయి. శీలావతి, బొచ్చె వంటి చేపలలో మంచి మాంసకృత్తులున్నవి. పులుసుగా వండితే చేప, వేపుడు చేస్తే చేపతోపాటు నూనె!

పండుగలలో సంక్రాంతి అరిసెలు, రంజాన్ సమోసాలు, పెండ్లి బిరియాని తినవద్దని మేము చెప్పబోము. పండుగ ఏడాదికొకనాడు వచ్చేది. దానిని నిత్యకృత్యం చేసుకోవడమే దోషం. ఉపవాస మాసమంతా ఇఫ్తారులో ప్రతిదినం వేపుళ్ళు తిన్నవారు, ఉపవాసమున్నా బరువు పెరగడం సహజమే. ఖర్జూరం, నీరు, పండ్లు, శనగలతో ఉపవాసం విరమించి, వేపుళ్ళను ఏ కొద్ది రోజులకో పరిమితం చేస్తే ఆ మాసం దేహానికి కూడా మేలు చేస్తుంది.

వీటన్నిటికీ నడక తోడు కావాలి. వారానికి 150 నిమిషాలు, అనగా అయిదు రోజులు అరగంట చొప్పున చురుకుగా నడవాలి. తొలి వారాలలో తగ్గినంత వేగంగా తరువాత బరువు తగ్గదు. దేహం తేలికయ్యే కొద్దీ దానికి కావలసిన శక్తి కూడా తగ్గడమే ఇందుకు కారణం. కావున నిరుత్సాహపడరాదు. మధుమేహానికి మందులు వాడేవారు, ఇతర వ్యాధులున్నవారు వైద్యుని సలహా పొందిన పిదపనే ఆహారం మార్చుకోవాలి.

సోదరీమణులకు, కళాశాల కమిటీకి మనవి

ఉదయం ఫలహారం మాని కళాశాలకు వచ్చే సోదరీమణులకు మా మనవి ఒకటే. ఖాళీ కడుపు సన్నదనాన్ని ఇవ్వదు; కళ్ళు తిరగడాన్ని, పాఠం తలకెక్కకపోవడాన్ని ఇస్తుంది, సాయంకాలం రెండింతల ఆకలిని తెస్తుంది. ఇడ్లీయో పెసరట్టో తిని రండి.

కళాశాల కమిటీ పెద్దలకు కూడా ఒక విన్నపం. కళాశాలల క్యాంటీనులలో ఆరోగ్యానికి హానికరమైన తినుబండారాలను అరికట్టవలసినదిగా విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2016లోను, తిరిగి 2018లోను సూచించింది. నిషేధం ఒక్కటే చాలదు. బజ్జీ దొరకని విద్యార్థి గేటు దాటి వెళ్ళి తింటాడు. క్యాంటీనులో సాయంకాలం గుగ్గిళ్ళు, జామకాయలు, మజ్జిగ బజ్జీ కన్న తక్కువ ధరకు దొరికేటట్లు ఏర్పాటు చేయించండి. బరువు, ఎత్తు కొలిచే సాధనాలు ఒక గదిలో ఉంచి, ఏడాదికి రెండుసార్లు విద్యార్థులందరికీ కొలతలు తీయించండి. ఇందుకయ్యే వ్యయం స్వల్పం, ఫలితం జీవితకాలం నిలిచేది.

అలవాటు చిన్ననాటిదైతే చివరిదాకా నిలుస్తుంది. కళాశాల విడిచే నాటికి పట్టాతోపాటు మంచి తిండి అలవాటును కూడా వెంట తీసుకొని వెళ్ళాలని విద్యార్థిలోకాన్ని కోరుతున్నాము.